ఇంజను నడుస్తూ ఉండగా

మే 9, మంగళవారం

బళ్లు మూడు. ట్రాలీ ఆటోకి క్లచ్ ప్లేట్లు. పాల వ్యానుకి వెనక బేరింగు. సాయంత్రం ఒక ఆటోమేటిక్ పికప్, గేరుబాక్సు ఆయిలు చూడటం.

పికప్ గురించి కొంచెం రాసుకోవాలి. నడిపేది ఆడమనిషి. పేరు శాలిని, ఉయ్యూరు. ముప్పై మూడో ముప్పై నాలుగో ఉంటాయి. ముదినేపల్లి, కలిదిండి వైపు రొయ్యల చెరువుల్లో నీళ్లు పరీక్ష చేయడం ఆవిడ పని. మా సందు తెలిసినవాళ్లెవరూ పెద్ద బండిని లోపలికి తేరు. మెయిన్ రోడ్డు మీద ఆపి నన్నే తోలుకొమ్మంటారు. ఈవిడ వెనక్కి తోలుకుంటూ వచ్చింది. ఒక పక్క లేతు షాపు ఇనప కడ్డీలు, ఇంకో పక్క మా డ్రమ్ములు. అటూ ఇటూ జానెడు ఖాళీ. మధ్యలో ఒక్కసారి కూడా ఆపి ముందుకు తీయలేదు.

దిగాక చూశాను. ఎడమ కాలు మోకాలి కింద జైపూర్ కాలు.

"అందుకేనండీ ఆటోమేటిక్కు. క్లచ్చి లేదుగా, ఆ కాలికి పనే లేదు. ఊరికే కూర్చుని ఏసీ తింటది" అని ఆవిడే నవ్వింది.

బండి వెనక చెక్క అరలు. అరకి ఒక సీసా. ప్రతి సీసా మీద ఊరు, చెరువు నంబరు, గుండ్రటి అక్షరాలతో. నా షెడ్డులో స్పానర్లు కూడా అంత వరసగా ఉండవు.

"నలభై వేలు తిరిగింది బాబాయ్‌ గారూ. గేరుబాక్సు ఆయిలు ఒకసారి చూడండి" అంటూ కంపెనీ పుస్తకంలోంచి ప్రింటు తీసిన రెండు కాగితాలు ఇచ్చింది. "ఇంగ్లీషులో ఉంది. మరి మీకు…"

"చదువుతానమ్మా" అన్నాను.

చదువుతాను. తొమ్మిదితో బడి మానేసినా, ఇంగ్లీషు ఇలాంటి పుస్తకాల్లోనే నేర్చుకున్నాను. కాగితాలు మడిచి ఈ పుస్తకంలో పెట్టాను. ముప్పై రెండేళ్లుగా గేరుబాక్సులు విప్పుతున్నాను. ఆయిలు ఉందో లేదో చూడటానికి కాగితం అక్కర్లేదు.

ఇంజను ఆపి, బండి కింద గుంటలోకి దిగి లెవెలు బోల్టు విప్పాను. ఏ గేరుబాక్సుకైనా ఆటోనగర్‌లో అందరిదీ ఒకటే లెక్క. పక్క బోల్టు విప్పి వేలు పెట్టాలి. వేలికి ఆయిలు తగిలితే సరి. ఇక్కడ వేలు పెట్టక ముందే ధార కట్టింది. ఇంతకు ముందు చూసినవాడెవడో ఎక్కువ పోసి ఉంటాడు. ధార ఆగేదాకా వదిలాను. తర్వాత వేలు పెడితే అంచుకి సరిగ్గా ఉంది. బిగించాను.

తీసిన ఆయిలు 900 మి.లీ. పోసింది లేదు.

ఎర్రటి ఆయిలు, దానిమ్మ రసం రంగు. మామూలు బండిలో పళ్ల చక్రాలు ఒకదాన్నొకటి తిప్పుకుంటాయి. ఇందులో ఇంజనుకీ చక్రాలకీ మధ్య ఉన్నది ఈ ఆయిలే. ద్రవం బండిని లాగుతుంది. ఆలోచించినవాడికి దండం పెట్టాలి.

మే 10

బళ్లు రెండు. ఎండ 44. మధ్యాహ్నం స్పానరు చేత్తో పట్టుకోలేకపోయాను.

మే 12, శుక్రవారం

శాలిని గారు మళ్లీ వచ్చారు.

"చెరువు గట్టు మీంచి రోడ్డెక్కుతుంటే ఇంజను అరుస్తంది కానీ బండి కాసేపు ఆలోచించుకుని కదులుతంది బాబాయ్‌ గారూ. గేరు డీ లో వేశాక కూడా అంతే. ముందు ఇట్టా లేదు. బుధవారం పొద్దున మొదటిసారి విన్నా."

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కించారు. సగం ఎక్కాక ఇంజను వేగం చూపే ముల్లు పైకి లేచింది, బండి లేవలేదు. ఆవిడ వెంటనే కాలు తీసేశారు. నాకు వినపడక ముందే ఆవిడకి వినపడింది. నిదానంగా, ఎద్దుని అదిలించకుండా నడిపించినట్టు, పైకి చేర్చారు. వెనక బస్సు వాడు హారను మోగిస్తూనే ఉన్నాడు.

"కొంచెం గట్టిగా తొక్కి చూడమ్మా, తెలుస్తుంది" అన్నాను.

"వద్దండీ. అది జారతా ఉంటే నేను తొక్కితే లోపల ఏదో అరుగుద్ది. మూడు రోజుల నుంచి అందుకే తొక్కట్లా."

షెడ్డుకి వచ్చి, ఇంజను ఆపి, బోల్టు విప్పి వేలు పెట్టాను. ఆయిలు తగిలింది. లెవెలు సరిగ్గానే ఉంది.

తీసింది లేదు. పోసింది లేదు. లోపం లోపల ఎక్కడో ఉంది. వచ్చేటప్పటికే ఉండి ఉంటుంది.

మే 14, ఆదివారం

షెడ్డు సెలవు. అయినా వెళ్లాల్సి వచ్చింది. శాలిని గారి అన్నయ్య ఫిలిప్ గారు చర్చి నుంచి నేరుగా వచ్చారు. వెనకే ఆవిడ పికప్ నడుపుకుంటూ, ముప్పై స్పీడులో.

నిన్న షోరూం వాళ్లకి చూపించారట. గేరుబాక్సు మొత్తం మార్చాలి, సరుకు రావడానికి ఆరు వారాలు అన్నారట. అది కూడా నడిపే తీరు వల్లే అని చెప్పారట. ఏదో ఒకటి తేలేదాకా బండి నా షెడ్డులో ఉంచుతామన్నారు.

ఫిలిప్ గారు పెద్దమనిషి. చెల్లెలి మీద ప్రేమ ఉంది. ఆ ప్రేమే ఆవిణ్ణి కూర్చోబెట్టాలని చూస్తోంది.

"ఎందుకొచ్చిన తిప్పలండీ ఇదంతా? గుడివాడ ల్యాబులో సీటు మాట్లాడాను. ఫ్యాను కింద కూర్చుని సీసాలు చూసుకోవచ్చు. బండికి మైలవరం నుంచి ఒకాయన వస్తానన్నాడు, వచ్చే ఆదివారం. ఉన్నది ఉన్నట్టు తీసుకుంటాడంట."

శాలిని గారు అరల్లో సీసాలు సర్దుతున్నారు. అన్నీ వింటున్నారు.

"మీరు అనుభవం ఉన్నవాళ్లు. నిజం చెప్పండి రత్తయ్య గారూ. నడపటంలో తేడా వల్లేనా ఇది? ఒంటి కాలితో…" అని ఆగారు.

నేను గోడ మీద వేలాడే బెల్టుల వైపు చూశాను. నేనేమీ అనలేదు.

శాలిని గారి చేతిలో సీసా కాసేపు కదల్లేదు. తర్వాత దాని చోట్లో దాన్ని పెట్టారు.

మే 15

ఫిలిప్ గారు అడిగింది నడపటం గురించి. నడపటం నా పని కాదు. తెలియనిదాని గురించి నేను ఎప్పుడూ మాట్లాడను.

మే 16

బళ్లు నాలుగు. పికప్ గుంట మీద ఉంది. అటువైపు వెళ్లలేదు.

మే 17, బుధవారం

శాలిని గారు ఆటోలో వచ్చారు, మిగిలిన సీసాల కోసం. ముఖం అలసిపోయి ఉంది. అద్దె ఆటో ముదినేపల్లి చేరేసరికి ఏడయిందట.

"ఏడింటికి చూస్తే చూడనట్టే బాబాయ్‌ గారూ."

ఎందుకని అడిగాను. మామూలుగా అడగను. ఆవిడ పని గురించి వినాలనిపించింది.

డ్రమ్ము మీద కూర్చుని చెప్పారు. పగలు ఎండకి నీళ్లలో నాచు ఆక్సిజన్ వదులుతుంది. ఏ చెరువైనా మధ్యాహ్నం చూస్తే బ్రహ్మాండంగా కనిపిస్తుంది. చీకటి పడ్డాక వదిలేది ఉండదు, అందరూ పీల్చేవాళ్లే. తెల్లవారే ముందు ఆక్సిజన్ అడుగంటుతుంది. రొయ్యలు చచ్చేది ఆ గంటలోనే.

"అందుకని వాటి ఊపిరి ఆడతా ఉండగా, ఆ గంటలోనే, ఆ నీళ్లలోనే మీటరు పెట్టాలి. సీసాలో పట్టుకొచ్చి నీడలో పెట్టి చూస్తే వచ్చే లెక్క సీసాది. చెరువుది కాదు."

నేను తల ఊపాను. ఎంత సులువుగా చెప్పింది! బీఎస్సీలో చేరి మధ్యలో ప్రమాదం వల్ల మానేసిందట. మిగతాదంతా గట్ల మీద నేర్చుకున్నదే.

వెళ్లబోతూ పికప్ తలుపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. "నాదే పొరపాటంటారా?" అన్నారు. నన్ను అడిగినట్టు లేదు. సీసాల సంచి తీసుకుని ఆటో ఎక్కారు.

అదే రోజు, సాయంత్రం

కాగితాలు విప్పాను. ఎనిమిది రోజులుగా ఈ పుస్తకంలోనే ఉన్నాయి.

రెండో పేజీ, మూడో వాక్యం. ఆయిలు లెవెలు ఇంజను నడుస్తూ ఉండగా చూడాలి. బ్రేకు మీద కాలుంచి, గేరు లివరుని ఒక్కో స్థానంలో కాసేపు ఆపుతూ అన్నిటిలోకీ తిప్పి, మళ్లీ పార్కులోకి తేవాలి. అప్పుడు, ఇంజను ఆపకుండా, బోల్టు విప్పాలి. ఆయిలు వేడి 35కీ 45కీ మధ్య ఉండాలి. సన్నని ధార వస్తే సరి.

నిఘంటువు తీయాల్సిన మాట ఒక్కటి కూడా లేదు.

ఇంజను తిరిగేటప్పుడు ఆయిల్లో కొంత పైన తిరుగుతూ ఉంటుంది. ఆపితే అదంతా కిందికి దిగుతుంది. అలా దిగినదాన్ని నేను ఎక్కువ అనుకుని వదిలేశాను. పన్నెండో తారీకు మళ్లీ ఇంజను ఆపే చూసి, సరిగ్గా ఉందనుకున్నాను.

9వ తారీకు పేజీ తీశాను. తీసిన ఆయిలు 900 మి.లీ. నా చేతిరాతే.

మే 18, గురువారం

పక్క షెడ్డు జాన్‌బాబు దగ్గర స్కానరు ఉంది. ఆయిలు వేడి అందులో తెలుస్తుంది. మధ్యాహ్నం భోజనాలప్పుడు పిలిచాను. సంగతి చెప్పాను. ఎవరో ఒకరికి చెప్పాల్సిందే కదా.

"అందరం అట్టాగే చూస్తాంగా అన్నా" అన్నాడు. "నువ్వేమన్నా కావాలని తీశావా?"

స్కానరు పెట్టాడు. నాలుగు రోజులుగా కదలని బండి. ఇంజను ఇంకా వేయలేదు. ఆయిలు వేడి 46.

జాన్‌బాబు పెద్దగా నవ్వాడు. "ఆ పుస్తకం రాసినోడు మే నెల్లో బెజవాడ రాలేదన్నా. వస్తే ఈపాటికి వడదెబ్బకి పడుకునేవాడు."

నిజమే. రేకుల షెడ్డు కింద మధ్యాహ్నం ఈ ఆయిలు 45 లోపు ఉండదు. ఇంజను వేస్తే ఇంకా ఎక్కుతుంది. తెల్లవారుజామున చూడాలి, ఆవిడ చెరువుల్లాగే.

జాన్‌బాబు నవ్వడం ఆపి దగ్గరికి వచ్చాడు. "ఒక మాట చెప్తా విను. ఎవరికీ చెప్పమాక. తెల్లారి పోసేయ్. బండి బాగయిపోద్ది. షోరూమోడికి చేతకాంది రత్తయ్య చేశాడంటారు. ఆవిడకి బండి ఉంటది, నీకు పేరుంటది. ఎవరికి నష్టం?"

మే 19

ఆలోచించాను. జాన్‌బాబు చెప్పినదాంట్లో తప్పు కనిపించలేదు.

"నాలుగు రోజులుగా అన్నం కలిపి వదిలేస్తున్నారు. ఏంటో ఆ పుస్తకానికి చెప్పుకుంటారు కానీ నాకు చెప్పరు" అంది వెంకటరత్నమ్మ. ముప్పై ఏళ్ల కాపురం. మాట వాస్తవమే.

చెప్పాను. అంతా విని ఒకటే అడిగింది. "ఆ పిల్ల తనదే తప్పనుకుంటోందా?"

అవునన్నాను.

మజ్జిగ పోసింది.

మే 20, శనివారం

ఆయిలు సరైన గ్రేడు గవర్నర్‌పేటలో దొరికింది, రెండు లీటర్లు. గుంట పక్కన నేల నీళ్లు పోవడానికి వాలుగా ఉంటుంది. తాపీ మేస్త్రి దగ్గర నీళ్ల గొట్టం తెచ్చి లెవెలు చూశాను. ముందు చక్రాలు రెండంగుళాలు పల్లంలో ఉన్నాయి. పలకలు వేశాను. మళ్లీ చూశాను. బండి సమానంగా నిలబడింది.

శాలిని గారికి ఫోను చేశాను. రేపు తెల్లవారుజామున అయిదుకి రాగలరా అని అడిగాను. బ్రేకు మీద కాలుంచి లివరు తిప్పడానికి ఒక మనిషి కావాలి. ఆ పని జాన్‌బాబు చేయగలడు. ఆవిడే చేయాలని నాకు అనిపించింది.

"అయిదేంటి బాబాయ్‌ గారూ, నేను మూడున్నరకే లేస్తా. అలవాటు. ఏం చేయబోతున్నారు?"

"ఆయిలు చూడాలమ్మా."

"చూశారుగా?"

"సరిగ్గా చూడాలి" అన్నాను. ఫోన్లో అంతకన్నా రాలేదు.

మే 21, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

అయిదింటికి శాలిని గారూ, జాన్‌బాబూ, నేనూ ముగ్గురం షెడ్డులో ఉన్నాం. ఆటోనగర్‌లో ఒక్క సుత్తి చప్పుడు లేదు. స్కానరులో 31. నేను గుంటలోకి దిగాను. ముందుగా బోల్టు దగ్గర నాలుగు చుక్కలు తెల్ల కాగితం మీద పట్టాను. లైటు కింద చూశాను. ఎరుపు కొంచెం ముదిరింది, నలుపు కాలేదు. మాడు వాసన లేదు. బోల్టు చివరి అయస్కాంతానికి పట్టినది సన్నటి బూడిద, ఇనప రవ్వలు కాదు. లోపల గేర్లు మార్చే ప్లేట్లు బతికి ఉన్నాయి.

తక్కువ ఆయిలుతో అన్నాళ్లు వేరే ఎవరు నడిపినా కాలిపోవాల్సిన బాక్సు అది.

పంపుతో కొంత పోశాక ఆవిడ ఇంజను వేశారు. "బ్రేకు తొక్కి ఉంచండి. రివర్సు. ఆగండి. న్యూట్రలు. డీ." పైనుంచి ఆవిడ ఒక్కో స్థానం పేరు నాకు తిరిగి చెప్తున్నారు. తొందర లేదు. ఒక్కోసారి లివరు పడ్డాక ఒక క్షణం ఆగి, "పట్టుకుంది" అంటున్నారు. గుంటలో ఉన్న నాకు తెలియక ముందే ఆవిడకి సీటులోంచి తెలుస్తోంది.

"ముప్పై నాలుగు" అన్నాడు జాన్‌బాబు. "ముప్పై ఆరు. అన్నా, ముప్పై ఎనిమిది."

బోల్టు వదులు చేశాను. ఏమీ రాలేదు. పోశాను. రాలేదు. ఇంకా పోశాను. అప్పుడు ఒక చుక్క, వెనక ఇంకొకటి, తర్వాత దారంలా సన్నగా, ఎర్రగా, తెగకుండా. ఇంజను నా తల మీద నడుస్తూనే ఉంది. ముప్పై రెండేళ్లలో నడుస్తున్న బండి గేరుబాక్సు బోల్టు విప్పి చూడటం ఇదే మొదటిసారి. దాని అసలు కొలత ఎంతో అదే చెప్పింది. బిగించాను.

పైకి వచ్చేసరికి ఆవిడ కిందికి దిగి ఉన్నారు. "ఎంత పట్టింది బాబాయ్‌ గారూ?"

"తొమ్మిది వందల నలభై."

"అంతా? కింద మరక కూడా లేదే. కారితే కనపడేదిగా."

జాన్‌బాబు స్కానరు వైరు చుడుతూ నా వైపు చూడకుండానే అన్నాడు. "ఈ బాక్సులు కాస్త తాగుతాయిలేమ్మా."

ఆవిడ నమ్మేలా ఉన్నారు. నేను ఊరుకుంటే చాలు. ఊరుకోవడం నాకు బాగా వచ్చిన పని.

"తాగలేదు. నేనే తీశాను" అన్నాను.

సంచిలోంచి ఈ పుస్తకం తీసి, 9వ తారీకు పేజీ తెరిచి ఆవిడ చేతికి ఇచ్చాను. హెడ్‌లైటు వెలుతురులో నిలబడి చదివారు. కింద ఉన్న లెక్క ఒక్కటే చదువుతారనుకున్నాను. పైనుంచి మొదలుపెట్టారు. జానెడు ఖాళీ, సీసాలు, గుండ్రటి అక్షరాలు, అంతా. చివరికి కాగితాల సంగతి, 900. నాకు ఎక్కడ చూడాలో తెలియలేదు.

పుస్తకం మూసి నాకు ఇచ్చేశారు.

"వారం రోజుల నుంచి కుర్చీలో కూర్చుని నా కుడి కాలుని చూసుకుంటున్నానండీ. కింద పీట పెట్టుకుని తొక్కతా, తీస్తా. ఎక్కడ తప్పు తొక్కుతున్నానా అని. ఇన్నేళ్లు దీన్ని నమ్ముకున్నా. దీని మీద అనుమానం పెట్టారు మీరు."

కోపంగా అనలేదు. అంటే బాగుండేది.

"ఆ కాలే బాక్సుని కాపాడిందమ్మా" అన్నాను. కాగితం మీది చుక్కలు చూపించాను. "మీరు తొక్కలేదు కాబట్టి మాడలేదు. ఆ రోజు ఫ్లైఓవరు మీద తొక్కమన్నది నేను."

ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. వాసన చూశారు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నారు.

"ఈ మాట మా అన్నయ్యకి చెప్తారా? ఆయన నన్ను కాదు, మిమ్మల్ని అడిగారు."

ఎనిమిదికి ఫిలిప్ గారు వచ్చారు, మైలవరం ఆయనతో. అప్పటికి సందులో టీ తాగేవాళ్లు పోగయ్యారు. లేతు షాపు వాళ్లు, వెల్డింగు వాళ్లు, నన్ను ముప్పై ఏళ్లుగా ఎరిగినవాళ్లు. నేను అందరూ ఉండగానే చెప్పాను. నా జన్మలో ఎప్పుడూ ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడలేదు. ఇంజను ఆపి చూశాను, ఆయిలు తీసేశాను, మీరు అడిగిన రోజు గోడ వైపు చూశాను, తప్పు బండిది కాదు, మీ చెల్లెలిది అసలే కాదు.

ఫిలిప్ గారి ముఖం ఎర్రబడింది. "మరి అడిగిన రోజే నోరు తెరిస్తే ఏం పోయేదండీ? ఈ మైలవరం ఆయన్ని ఇంత దూరం రప్పించాను. దాన్ని ఇంట్లో ఎన్ని మాటలన్నానో తెలుసా మీకు?"

"తెలియదండీ. నావల్లేనని తెలుసు."

ఫిలిప్ గారు చెల్లెలి వైపు తిరిగారు. "రేపు మళ్లీ ఏదన్నా అయితే?"

"అయితే ముందు నాకే వినపడుద్ది అన్నయ్యా. ఈసారీ నాకే వినపడింది. వినపడిందని చెప్తే మీరందరూ నా కాలు చూశారు."

ఫిలిప్ గారు తల వంచుకున్నారు. మైలవరం ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అయితే అమ్మరన్నమాట. మంచిదే. ఎండ ముదరక ముందే పోతాను" అని లేచాడు.

శాలిని గారు బండి ఎక్కారు. ఆ ఇరుకులోంచి, జానెడు జానెడు ఖాళీలోంచి, ఒక్కసారి కూడా ఆపకుండా తీసుకెళ్లారు. వెల్డింగు వాళ్లు నిలబడి చూశారు. నాకు వెళ్లొస్తానని చెప్పలేదు.

తీసింది లేదు. పోసింది 940 మి.లీ. వేడి 38. అంటే 9వ తారీకున కాగితం చదివి ఉంటే, తగ్గినది నలభై మిల్లీలీటర్లని తేలేది.

ఆ పేజీ కొట్టివేయలేదు. అలాగే ఉంచాను.

మే 22, సోమవారం

అయిదు ముప్పావుకి ఫోను మోగింది. శాలిని గారి నంబరు. ఎత్తాను. మాట లేదు. ఫోను డాష్‌బోర్డు మీద పెట్టినట్టున్నారు. చెరువులో నీళ్లు చిలికే ఏరేటర్ల చప్పుడు, దూరంగా ఎవరిదో కేక. తలుపు పడింది. లివరు డీ లోకి పడిన చిన్న శబ్దం, వెంటనే బండి పట్టుకున్న శబ్దం. మధ్యలో ఖాళీ లేదు.

గట్టు ఎక్కుతోంది. ఇంజను గొంతు కొంచెం పెరిగింది, గేరు మారింది, తగ్గింది. టైర్ల కింద కంకర పోయి తారు వచ్చింది.

చేతిలో కాఫీ చల్లారేదాకా వింటూ కూర్చున్నాను.